అమ్మకి చెబితే చెప్పినట్టా?

పోయిన వారం కత్తెరమ్మ పార్లర్ తలుపు తెరుచుకోవడం దగ్గర ఆగాం. లోపలికి వచ్చింది ఇద్దరు అమ్మాయిలు. ఒకతె జిరాఫీ. ఎత్తు చూసి క్లాసులో పెట్టిన పేరది. ఇప్పుడు ఇంట్లోనూ అదే పిలుపు. రెండోది కళ్లజోడు పిల్ల. ఇద్దరూ కత్తెరమ్మ కూతురితో ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. ఇప్పుడు పదో తరగతి. రెండు వారాలుగా ఆ బెంచీ మీద కూతురికి చోటు లేదు.

కారణం జిరాఫీ శనివారాలు. ఆ పిల్ల తల్లీ తండ్రీ విడిపోయారు. తల్లి రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. తండ్రికి టైర్ల షాపు ఉంది, షాపు మీద ఇల్లుంది, ఆ ఇంట్లో రెండో భార్య ఉంది. ట్యూషన్ అని తల్లికి చెప్పి జిరాఫీ శనివారం సాయంత్రాలు ఆ షాపుకు వెళ్లేది. పంచరు వేస్తున్న తండ్రి పక్కన స్టూలు మీద కాసేపు కూర్చుని వచ్చేది. ఈ సంగతి ఆమె చెప్పింది ఒక్క కత్తెరమ్మ కూతురికే. కూతురు చెప్పింది ఒక్క కత్తెరమ్మకే. కత్తెరమ్మ చెప్పింది జిరాఫీ తల్లికి.

కావాలని చెప్పలేదు. జుట్టుకు రంగు పూశాక మనిషి అరగంట కదలకుండా కూర్చోవాలి. ఆ అరగంట నోరు మూసుకుని నిలబడటం కత్తెరమ్మ వృత్తిలో లేదు. ల్యాబ్ ఆవిడ కుర్చీలో కూర్చుని, "మా పిల్ల నాతో ముక్క మాట్లాడదు. గోడతో కాపురం చేస్తున్నట్టుంది" అని కళ్లు తుడుచుకుంది. కత్తెరమ్మ, "మాది నా దగ్గర ఏదీ దాచదు" అంది. అక్కడితో ఆగితే ఈ కథ లేదు. దాచదనడానికి రుజువుగా ఒక సంగతి చెప్పింది. నోట్లోంచి వచ్చాక గానీ అది ఎవరి సంగతో, ఎవరితో అంటోందో తట్టలేదు.

రుజువు ఉన్న మాట నిజమే. రోజూ సాయంత్రం ఆఖరి మనిషి వెళ్లాక కత్తెరమ్మ షట్టరు సగం దించేది. కూతురు కుర్చీ ఎక్కేది. వెనక తల్లి, చేతిలో దువ్వెన. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. ఇద్దరూ అద్దంలోకి చూసేవాళ్లు. చిక్కు తీస్తున్నంతసేపూ కూతురు క్లాసు సంగతులు చెప్పేది, తల్లి కుర్చీ సంగతులు చెప్పేది. ఎవరి మొగుడు ఎవరిని ఏమన్నాడు, ఎవరి మెడ వెనక జుట్టు పలచబడింది, అన్నీ. చిక్కులు అయిపోయినా దువ్వెన ఆగేది కాదు. క్లాసులో కూతురి పేరు కూడా దువ్వెనే.

అదీ జరిగింది. ఇక ఈ ఆదివారం పొద్దున.

మూడు కుర్చీలూ నిండి ఉన్నాయి. మొదటి దాంట్లో బ్యాంకు మేనేజరమ్మ, ఒక పక్క జుట్టు కత్తిరించి, రెండో పక్క ఇంకా క్లిప్పుల్లో. రెండో దాంట్లో లెక్కల టీచరు, తలంతా రంగు, దాని మీద ప్లాస్టిక్ టోపీ. మూడో కుర్చీలో ఎదురింటి మామ్మగారు, వంతు కోసం వారపత్రిక తిరగేస్తూ. కూతురు గోడ దగ్గర తువ్వాళ్లు మడత పెడుతోంది.

"రండమ్మా, రండి. కటింగా?" అంది కత్తెరమ్మ.

"కటింగ్ కాదు ఆంటీ. చిన్న పని," అంది జిరాఫీ. కత్తెరమ్మను చూడలేదు. నేరుగా కూతురి దగ్గరికి వెళ్లింది. "ఏమే దువ్వెనా, ఇంకోసారి అడుగుతున్నా. నా సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఎన్నిసార్లు చెప్పనే? ఎవరికీ చెప్పలేదు. ఒట్టు."

"మీ అమ్మకి?"

కూతురు తువ్వాలు మడత ఆపింది. "అమ్మకి చెప్పా."

"మరి ఎవరికీ చెప్పలేదంటావేం?"

"అమ్మకి చెబితే చెప్పినట్టా?"

మామ్మగారు పత్రిక వెనక నుంచి కిసుక్కున నవ్వింది. కళ్లజోడు పిల్ల కూడా నవ్వింది. కూతురు నవ్వలేదు. తప్పించుకోవడానికి అన్న మాట కాదది. రెండు వారాలుగా వేసిన ఒట్లన్నీ ఆ లెక్క మీదే వేసింది. అమ్మకి చెప్పడమంటే తనలో తను అనుకోవడం. దాన్ని ఎవరైనా చెప్పడం అంటారని ఆ పిల్లకు తోచనే లేదు.

జిరాఫీ అప్పుడు కత్తెరమ్మ వైపు తిరిగింది.

"ఆంటీ, మా అమ్మకి మీరు చెప్పారా?"

కత్తెర బ్యాంకు మేనేజరమ్మ చెవి పక్కన ఆగింది. కత్తెరమ్మ తల ఎత్తకుండానే అద్దంలో చూసింది. మేనేజరమ్మ కళ్లు తన మీదే ఉన్నాయి. టీచరు టోపీ కొంచెం ఇటు తిరిగింది. పత్రికలో పేజీ తిరగడం ఆగింది. ఈ కుర్చీల్లో కూర్చుని ఈ ముగ్గురూ ఇంట్లో చెప్పుకోలేనివి చెప్పుకున్నారు. "ఇక్కడ అన్న మాట వెంట్రుకతో పాటు రాలిపోతుంది, చీపురుతో ఊడ్చేస్తా" అని వాళ్లకు హామీ ఇచ్చింది తనే. ఇప్పుడు అవునంటే పార్లర్ లేదు. కాదంటే ఇంకెవరో చెప్పి ఉండాలి. ఆ ఇంకెవరో ఎవరో ఆలోచించే టైము లేదు.

"నేనెందుకు చెబుతానమ్మా?" అంది. "నాకేం పని? మాదే ఎక్కడో వాగి ఉంటుంది. దీని నోట్లో నువ్వుగింజ నానదు. ఎన్నిసార్లు మొత్తుకున్నానో, నోరు అదుపులో పెట్టుకోవే అని."

అని, నవ్వింది. ఆ నవ్వుకు మేనేజరమ్మ కూడా కొంచెం నవ్వి, భుజాలు వదులు చేసింది. పత్రికలో పేజీ తిరిగింది.

కూతురు తల్లి వైపు చూసింది. నేరుగా, అద్దంలో కాదు.

"అమ్మా. నేనా?"

"మరి నేనా? పోనీలే, చిన్నపిల్లలు. సారీ చెప్పెయ్, అయిపోతుంది."

జిరాఫీ తొందరపడలేదు. కౌంటరు మీద ఉన్న నీళ్ల స్ప్రే సీసా తీసి ఒకసారి గాలిలోకి కొట్టి, మళ్లీ పెట్టింది.

"నిన్న మా అమ్మకీ నాకూ పెద్ద గొడవయింది ఆంటీ. కోపంలో నోరు జారింది. 'నీకు నేను అక్కర్లేదు, పార్లర్ ఆవిడకి ఉన్న పాటి జాలి నీకు లేదు, ఆవిడ చెప్పబట్టే కదా తెలిసింది' అంది. ఏ కుర్చీలో కూర్చుని విందో కూడా చెప్పింది. ఇదే." మామ్మగారి కుర్చీ చేతిని చేత్తో తట్టింది. "నాకు తెలుసు. మీరేమంటారో చూద్దామని వచ్చా."

కళ్లజోడు పిల్ల, "కన్నకూతురి మీదికి తోసేశారు ఆంటీ!" అంది. సినిమాలో ఇంటర్వెల్ పడినంత సంబరంగా.

కత్తెరమ్మ మేనేజరమ్మ జుట్టులో ఒక పాయ పట్టుకుంది. కత్తిరించలేదు, వదల్లేదు.

కూతురు తువ్వాలు మడత పూర్తి చేసింది. దొంతర మీద పెట్టింది. అంచులు సరి చేసింది. తర్వాత మొదటి కుర్చీ దగ్గరికి నడిచింది.

"మేనేజరాంటీ, మీకు మెడ పైన రూపాయి బిళ్లంత ఖాళీ ఉంది. మీకు కనపడదు. ఇంకో ఏడాదికి విగ్గు తప్పదంట. చెబితే మీరు వేరే పార్లర్‌కి పోతారని అమ్మ చెప్పలేదు. కటింగ్ అయ్యాక వెనక అద్దం పెట్టి అందుకే చూపించదు."

"చిన్నీ!" అంది కత్తెరమ్మ.

"అంకుల్ హాల్లో పడుకుంటున్నారట కదా, గురక వంకతో. గురక కాదట. అది కూడా నాకు తెలుసు. నేను ఎవరికీ చెప్పలేదు ఆంటీ. నా నోట్లో నువ్వుగింజ నానింది."

మేనేజరమ్మ చెయ్యి మెడ వెనక్కి వెళ్లింది. వేళ్లు వెతికి, ఒక చోట ఆగాయి.

"మేడమ్," అంది కూతురు రెండో కుర్చీతో. గొంతు క్లాసులో పాఠం అప్పజెప్పినట్టే ఉంది. "మిమ్మల్ని ఈ ఏడాది మాకు వెయ్యకుండా కింది క్లాసులకు ఎందుకు వేశారో మీకు తెలుసా? మీకు పదో తరగతి లెక్కలు రావని ప్రిన్సిపాల్ గారి భార్య ఇక్కడే అంది. అమ్మ నాకు చెప్పింది. మీ హోంవర్కు పుస్తకాలు మీ తమ్ముడు దిద్దుతాడని మీరు అమ్మకి చెప్పారు. అదీ చెప్పింది. నిరుడు ఏడాదంతా మీ క్లాసులో మొదటి బెంచీలో కూర్చున్నా. ఒక్కసారైనా నవ్వానా?"

టీచరు లేచింది. రంగు ఇంకా ఆరలేదు. కడగకుండా బయటికి వెళ్లలేదు, కూర్చోనూ లేదు. టోపీ అంచు నుంచి ఒక నల్లచుక్క జారి చెవి మీద పడింది.

"కడుగు," అంది కత్తెరమ్మతో. "ముందు ఇది కడుగు."

"ఇటు రండి మేడమ్, ఒక్క నిమిషం..."

"నువ్వు ముట్టుకోకు! నేనే కడుక్కుంటా."

సింకు దగ్గర కుళాయి తిప్పుకుని టీచరు తల వంచింది. ఆ నీళ్ల చప్పుడులో మామ్మగారు పత్రిక మూసి, ఒళ్లో పెట్టుకుని, ముందుకు వంగింది. ఎనభై ఏళ్ల మనిషి. వినడానికి ఇంత బాగున్నది ఈ మధ్య దొరకలేదు.

"మరి నా సంగతేమందే మీ అమ్మ? నాకేం భయం లేదు, చెప్పు."

"మీ కోడలు మిమ్మల్ని ప్రతి ఆదివారం ఇక్కడికి పంపేది జుట్టు కోసం కాదు మామ్మగారూ. మీరు ఇక్కడున్నంతసేపే ఆ ఇంట్లో వాళ్లు నవ్వుకుంటారంట. వీలైతే నెమ్మదిగా చెయ్యమని అమ్మని అడిగింది. అందుకే మీ వంతు ఎప్పుడూ ఆఖరున వస్తుంది."

మామ్మగారి నోరు నవ్వుతున్నట్టే ఉండిపోయింది, కాసేపు. తర్వాత చేతికర్ర కోసం వెతికింది. అది కుర్చీకే ఆనించి ఉంది. దొరకలేదు. కూతురే తీసి చేతికిచ్చింది.

ముందు మేనేజరమ్మ వెళ్లింది, ఒక పక్క క్లిప్పులతోనే. కటింగ్‌కి కట్టిన గుడ్డ మెడకే ఉందని వీధిలోకి వెళ్లాక చూసుకుని, విప్పి గుమ్మంలోకి విసిరింది. టీచరు తువ్వాలు తలకు చుట్టుకుని వెళ్లింది. మామ్మగారు ఆఖరున. గుమ్మం దగ్గర ఆగి, "ఇన్నాళ్లూ నీకు ఆశీర్వాదాలు పెట్టాను కదే," అంది కత్తెరమ్మతో. అని, ఎదురుగా ఉన్న తన ఇంటికి రోడ్డు దాటకుండా, వేరే వైపు నడిచింది.

పార్లర్‌లో నలుగురు మిగిలారు.

కూతురు జిరాఫీ ముందు నిలబడింది. మొహం ఎర్రబడింది. ఏడుపు లేదు. పరుగు పందెం అయ్యాక ఉండే ఊపిరి.

"చూశావుగా? ఇప్పుడు నమ్ముతావా, నేను కాదని?"

"నమ్మాను," అంది జిరాఫీ. "నువ్వు కాదు. కానీ ఒక్కటి. మీ అమ్మ పోలిక నీకు రాలేదనుకునేదాన్ని. ఇవాళ తేలిపోయింది."

"నీ కోసమే కదే చెప్పాను!"

"మీ అమ్మ కూడా ఎవరో ఒకరి కోసమే చెప్పి ఉంటుంది."

కళ్లజోడు పిల్ల కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మన గురించి ఇంట్లో ఏమేం అందో, బాబోయ్. నేను ఆ రోజు టాయిలెట్లో ఏడ్చింది కూడా మీ అమ్మకి తెలుసా?" అంది.

కూతురు తల దించుకుంది. తెలుసు కనక.

"అదీ!" అంది కళ్లజోడు పిల్ల. "పద, జిరాఫీ. ఇక్కడ గోడలకి చెవులు కాదు, నోళ్లున్నాయి."

కత్తెరమ్మ అప్పుడు కదిలింది. చేతిలో కత్తెర ఇంకా ఉంది. పార్లర్ పోయింది, ఆ సంగతి తెలుసు. సాయంత్రానికి వీధంతా పాకుతుంది. కానీ ఆమె చూస్తున్నది కూతురి చేతులు. ఆ చేతులు దొంతరలోంచి మడతపెట్టిన తువ్వాలు తీసి, విప్పి, మళ్లీ మడత పెడుతున్నాయి. రెండు వారాలుగా ఈ పిల్ల స్కూల్లో ఒక్కతే అన్నం తింటోంది. సాయంత్రం కుర్చీలో కూర్చుని అద్దంలోకి చూసి, "ఏం లేదమ్మా, మామూలే" అంటోంది. చెప్పడం మానేసింది. దువ్వెన చిక్కు దగ్గర ఆగితే అబ్బా అనడం కూడా మానేసింది.

"ఆగండమ్మా," అంది. "తప్పు నాది. చెప్పింది నేను, అబద్ధమాడింది నేను. దాన్ని మాత్రం వదిలెయ్యకండి. మీకు దణ్ణం పెడతా."

జిరాఫీ ఆగింది. పదిహేనేళ్ల పిల్ల ముందు చేతులు జోడించిన మనిషిని కాసేపు చూసింది. ఆ చూపులో జాలి ఉందేమోనని కత్తెరమ్మ వెతికింది. బేరం ఉంది.

"మా అమ్మ మళ్లీ వచ్చిందిగా, ఆ తర్వాత వారం? వచ్చి నా గురించి ఏదో అనే ఉంటుంది. ఇక్కడికొచ్చి అనకుండా ఎవరూ పోరు. అది చెప్పండి. నా గుట్టు ఆవిడకిచ్చారు, ఆవిడ గుట్టు నాకివ్వండి. సరికి సరి. రేపట్నుంచి మీ అమ్మాయి మా బెంచీలోనే కూర్చుంటుంది."

"వద్దు," అంది కూతురు.

"నిన్నడగలేదు."

"అమ్మా, వద్దు. చెప్పొద్దు. నాకు బెంచీ అక్కర్లేదు."

కత్తెరమ్మ విన్నది. పంతానికి అంటోందనుకుంది. పిల్లలు ఏది కావాలో దాన్నే వద్దంటారని, పదిహేనేళ్లుగా ఈ పిల్లను దువ్వుతున్న తనకు ఆ మాత్రం తెలుసని అనుకుంది. ఇన్ని పోయాక ఒక్కటైనా తిరిగి తెచ్చి ఇవ్వాలి. చేతిలో ఉన్నది ఆ ఒక్క మాటే.

"కూర్చో," అంది జిరాఫీతో.

ఎదురుగా నిలబడి చెప్పడం ఆమెకు చేత కాదు. పిల్లను మొదటి కుర్చీలో కూర్చోబెట్టింది. గుమ్మంలో పడి ఉన్న గుడ్డ తెచ్చి, దులిపి, మెడకు కట్టింది. వెనక నిలబడి, జుట్టు విప్పి, దువ్వెన పెట్టింది. అప్పుడు అద్దంలోకి చూసి చెప్పింది.

"మీ అమ్మ మీ నాన్నకి ఫోన్ చేసిందట, దులిపేద్దామని. 'నాకు చెప్పకుండా పిల్లని పిలిపించుకుంటావా' అని. ఆయన అన్నాడట, 'నేను పిలవలేదు, అదే వస్తోంది' అని. 'ఇక్కడ నా ఇంట్లో రోజూ గొడవ. రావద్దని దాని మొహం మీద చెప్పలేకపోతున్నా. నువ్వే ఆపు' అన్నాడట."

దువ్వెన కిందికి దిగింది. మళ్లీ పైకి వచ్చింది.

"అందుకే ఆపింది. 'వాళ్ల నాన్న వద్దన్నాడని దానికి తెలియకూడదు, అమ్మ రాక్షసి అనుకుంటే అనుకోనీ, నన్నే తిట్టుకోనీ' అంది. ఆ రోజు రంగు కూడా వేయించుకోలేదు. ఇది చెప్పుకోవడానికే వచ్చింది."

అద్దంలో జిరాఫీ మొహం కదల్లేదు. కళ్లజోడు పిల్ల నోరు తెరిచి, ఈసారి ఏమీ అనలేక మూసింది. ఒక్క తెలివిలేని మాట కోసం ఆ గదిలో అందరూ ఎదురు చూశారు. రాలేదు.

జిరాఫీ అద్దంలోనే కూతురి వైపు చూసింది.

"నువ్వు వద్దన్నావు."

కూతురు చేతిలో తువ్వాలు దొంతర మీద పెట్టింది.

"ఏం చెబుతుందో తెలియకపోతే వద్దని ఎందుకంటావ్? నీకు ముందే తెలుసా?"

"దానికి తెలియదు," అంది కత్తెరమ్మ.

"తెలుసు," అంది కూతురు.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. కూతురి మాటే వినపడింది.

తెలుసు. ల్యాబ్ ఆవిడ రెండోసారి వచ్చి వెళ్లిన ఆ సాయంత్రమే కత్తెరమ్మ చెప్పింది, "ఆవిడకి శనివారాల సంగతి ఎలాగో తెలిసిపోయిందట" అని మొదలుపెట్టి. ఆ మర్నాడే కూతురిని బెంచీ మీద నుంచి లేపేశారు. తన పుస్తకాలు నేల మీద పడేసినప్పుడు, క్లాసంతా చూస్తుండగా చాడీలకోరు అన్నప్పుడు, కూతురి దగ్గర ఒక్క వాక్యం ఉంది. 'నన్ను కాదే, మీ నాన్నని అడుగు' అంటే చాలు. అనలేదు.

"రెండు వారాలు," అంది జిరాఫీ. "మా నాన్న ఎప్పుడు పిలుస్తాడా అని రోజూ గేటు దగ్గర నిలబడుతున్నా. నువ్వు పక్కనుంచే పోయేదానివి. తెలిసే పోయేదానివి."

"ఎలా చెప్పనే నీకు?"

"అందరివీ చెప్పావుగా ఇందాక."

మెడ దగ్గర ముడి విప్పుకుంది. గుడ్డను మడత పెట్టి కుర్చీలో పెట్టింది. తలుపు తీసుకుని బయటికి వెళ్లింది. కళ్లజోడు పిల్ల, "ఒసేయ్, ఆగవే" అంటూ గుమ్మం దాటి, బయటే నిలబడిపోయింది.

అద్దాల తలుపులోంచి కనపడుతోంది. జిరాఫీ ఇంటి వైపు తిరగలేదు. టైర్ల షాపు వైపు తిరిగింది. ఆదివారం. షాపు మూసి ఉంటుంది, పైన ఇంట్లో అందరూ ఉంటారు. విప్పిన జుట్టుతో, ఆ ఎత్తుతో, అంగలేసుకుంటూ పోతోంది.

కూతురు చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

"నేనూ వస్తా, ఉండు," అంది కత్తెరమ్మ, కత్తెర కింద పెట్టి.

"నువ్వు రాకు."

"ఒక్కదానివే ఏం చేస్తావే? అక్కడ వాళ్లేమంటారో..."

"నువ్వు రాకమ్మా. నువ్వొస్తే దారిలో ఎవరికో చెబుతావు."

తలుపు మూసుకుంది. వీధిలో ఒక పిల్ల నడుస్తోంది, వెనక ఇంకో పిల్ల పరిగెడుతోంది. ముందు పిల్ల వెనక్కి తిరిగి ఏదో అంది. వెనక పిల్ల ఆగిపోయింది. మళ్లీ పరిగెత్తింది. మలుపు తిరిగారు.

కత్తెరమ్మ ఫోన్ తీసింది. ఆ ఇంటి మేడ మెట్లు ఎక్కేలోపు ఆ పిల్లను ఆపగలిగిన మనిషి ఒక్కతే, ల్యాబ్ ఆవిడ. ఆపాలంటే ఆమెకు తెలియాలి. తెలియాలంటే, ఆమె ప్రాణంగా దాచుకున్న మాటను తాను ఇప్పుడే, ఇదే కుర్చీలో, ఆమె కూతురికి చెప్పేశానని చెప్పాలి.

నంబరు నొక్కింది. అవతల ఎత్తారు.

"హలో?" అంది ల్యాబ్ ఆవిడ. "ఏంటండీ, ఆదివారం పొద్దున్నే? మా అమ్మాయి అక్కడికి వచ్చిందా? నాతో చెప్పకుండా బయల్దేరింది... హలో? మాట్లాడండీ. హలో?"

జీవితంలో మొదటిసారి కత్తెరమ్మకు నోరు పెగల్లేదు.